మీనియల్ అన్న మాట

నన్ను కన్న అవ్వ బుచ్చవ్వ పోయి, పదకొండో దినం కర్మ అయ్యాక నేను బడికి వెళ్లాను. జమ్మికుంటకు నాలుగు కోసుల దూరంలోని ఆ మిడిల్ స్కూల్లో నేను పంతులును. అవ్వ అదే బడిలో పద్దెనిమిదేళ్లు ఊడ్చింది, నీళ్లు మోసింది, గంట కొట్టింది. నేను పంతులునయ్యాక మానమంటే మానలేదు. నిజాం కాలం నుంచి ఆరుగురు హెడ్మాస్టర్లను చూసింది.

బడిలో పనిచేసేవారు పోతే ప్రార్థనలో పిల్లలు రెండు నిమిషాలు మౌనంగా నిలబడతారు. లాగ్ బుక్కులో నాలుగు వాక్యాలు రాస్తారు. డ్రిల్లు మాస్టారు పోయినప్పుడు అలాగే చేశారు. ఆయన మాతో ఉన్నది ఐదు నెలలు. అవ్వకు చేయలేదు. ఎందుకని అడగడానికి హెడ్మాస్టర్ కైలాసం గారి గదికి వెళ్లాను.

"రూల్ లేదు సిద్దిరాములూ," అన్నారు. "ఆమె మీనియల్. స్టాఫ్ కాదు."

"మీనియల్ అంటే ఏంది సార్?"

ఇంగ్లిష్ గురించి అడిగితే ఆయనకు సంతోషం. కుర్చీలో వెనక్కి వాలారు.

"మీన్ అంటే నీచం. అండ్లకెల్లే వచ్చింది మీనియల్. సర్కారు పెట్టిన పేరు, నేను పెట్టిన్నా?"

ఆయన బల్ల మీద లావుపాటి ఇంగ్లిష్ నిఘంటువు ఉంటుంది. దాని దుమ్ము తుడిచింది అవ్వ ఒక్కతే. తెరిచాను. కొన్ని కాగితాలు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి.

"మీన్‌కూ దీనికీ చుట్టరికం లేదు సార్. పాత ఫ్రెంచి మాట. ఒక ఇంట్ల ఉండే మంది అని. అంతకుముందు లాటిన్ల ఉండుడు, నిలుచుడు. మీనియల్ అంటే ఇంటి మనిషి. నీచం తర్వాత కలిపిండ్రు."

ఆయన పుస్తకం వైపు చూడలేదు. చూస్తే ఒప్పుకోవాలి.

"సరే తీయ్. నీ కోసం ఒకటి చేస్త. 'ఉపాధ్యాయుడు సిద్దిరాములు మాతృమూర్తి పరమపదించినారు' అని రాద్దాం. ఎవ్వలికీ నామోషీ ఉండది."

"పని చేసింది ఆమె సార్. బడిల పద్దెనిమిదేండ్లు పనిచేసిన బుచ్చవ్వ అని రాయుండ్రి."

"ఏందయ్యా, పంతులువైనవ్ గద! ఇంకా ఊడ్చేదాని కొడుకునని డప్పు కొట్టుకుంటవా? జర ఇజ్జత్ చూసుకో."

నా ఇజ్జత్ గురించి ఆయన ఇంత ఫికర్ పడటం అదే మొదటిసారి.

"అట్లైతే మీరు రాయకుండ్రి సార్," అని నిఘంటువు మూసి ఆరో తరగతికి వెళ్లాను.

"అందరు లేవుండ్రి. మన బడిల పనిచేసిన బుచ్చవ్వ చనిపోయింది. రెండు నిమిషాలు మాట్లాడొద్దు."

"అవ్వ పోయి పన్నెండు దినాలాయె. ప్రార్థనల ఎందుకు చెప్పలే సార్?" అని వెనక వరుస నుంచి ఎవరో అడిగారు.

"ఇప్పుడు చెప్తున్న."

నిలబడ్డారు. అప్పుడే కైలాసం గారు వరండాలో వస్తూ మా గుమ్మం ముందు ఆగారు. నలభై మంది పిల్లలు ఆయన వైపు చూశారు. అడుగు వేస్తే బూట్లు చప్పుడు చేస్తాయి. తల మీది టోపీ కోసం చేయి సగం లేచి ఆగిపోయింది. రూల్ లేని చోట ఆయనకు ఏం చేయాలో తెలియదు. అక్కడే నిలబడిపోయారు.

రెండు నిమిషాలు అయ్యాయి. నేను మూడో నిమిషం కూడా ఆగాను.