ఎమిల్ బుగ్గల రంగు

"ఒంటరిగా ఆ ఇంట్లో పడుకోవద్దే పౌలీనా. ఏదో ఒకటి అవుతుంది. నా మాట విని ఇంకొన్నాళ్ళు నా దగ్గరే ఉండు," అంది వెరోనా.

చర్చి కింది హాల్లో అంత్యక్రియల భోజనాలు అయిపోయాయి. ఆడవాళ్ళు మిగిలిన పిరోగీలు, బంగాళాదుంప కూరి ఉడికించిన కజ్జికాయలు, పొట్లాలు కడుతున్నారు. వెరోనా చెల్లెలు పౌలీనా. పౌలీనా భర్త ఎమిల్‌ని ఆ ఉదయమే గడ్డకట్టిన నేల తవ్వి పూడ్చిపెట్టి వచ్చారు.

"నీకెప్పుడు ఏదో ఒకటి కాలేదు గనక? చిన్నప్పుడు నాకు తట్టు పోస్తేనే శవపెట్టెలోకి ఏ గౌను వెయ్యాలో ఏరి పెట్టావు," అంది పౌలీనా, వాచిపోయిన కళ్ళతోనే నవ్వి. ఇంటికి పోయి చలికి బొగ్గు పొయ్యి రాజేసుకుని ఎమిల్ మంచం మీదే పడుకుంటానంది. పక్కనున్నవాళ్ళూ నవ్వారు. వెరోనా భయాలు ఊళ్ళో అందరికీ అలవాటే. మబ్బు పడితే వరదంటుంది, ఫోను మోగితే చావంటుంది.

ఇంటికి వచ్చాక వెరోనాకి కాలు ఒకచోట నిలవలేదు. చెల్లెలి సంగతి ఒకటి, ఎమిల్ సంగతి ఒకటి. కళ్ళు మూస్తే చాలు, పెట్టెలో ఎమిల్ కనిపిస్తున్నాడు. సగం బతుకు బొగ్గుగనిలో గడిపి పిండిలా పాలిపోయిన ముఖం వేసుకుని తిరిగిన మనిషి, పోయాక బుగ్గలు ఆపిల్ పళ్ళలా నిగనిగలాడాయి. చూడవచ్చిన ప్రతివాళ్ళూ ఎంత బాగున్నాడో, నిద్రపోతున్నట్టే ఉన్నాడని మెచ్చుకున్నారు. మెచ్చుకోవడం మర్యాదే. కానీ వెరోనా ఇంకా దగ్గరికి వంగి చూసింది. చెయ్యి ముట్టుకుంటే రాయంత చల్లన, గోళ్ళు చూస్తే పసిపిల్ల గోళ్ళలా గులాబి రంగు. మాట ఏదో నోట్లో పెట్టుకుని, చెప్పనివ్వకుండానే మూత వేసేస్తున్నారన్నట్టు పడుకుని ఉన్నాడు. ఇప్పుడు కిటికీ అద్దంలోనూ ఆ ముఖమే, పాలగిన్నెలోనూ ఆ ముఖమే.

పొద్దుగుంకే వేళకి కూతురు జస్టీనా వచ్చింది. పక్క కౌంటీ కోర్టులో ఎవరిదో చావు గురించి సాక్ష్యం చెప్పాల్సి వచ్చి, సొంత బాబాయి చావుకి రాలేకపోయింది. జస్టీనా కౌంటీలో శవపరీక్షల డాక్టరు. అందరు డాక్టర్లూ చదివింది చదివి, ఆ పైన రోగాలు శవాల్లో వెతకడం నేర్చి, ఆ పైన హత్యలూ ప్రమాదాలూ తేల్చడానికి ఇంకో శిక్షణా పరీక్షా ముగించేసరికి ఆమె ఈడు పిల్లలకి పిల్లలు పుట్టి బడికి పోతున్నారు. అంత చదివినా ఏ శవం ఆమె బల్ల మీదికి రావాలో చెప్పేది చెస్టర్ వార్గో. అతను కరోనరు, చావుకి కారణం రాసే అధికారి. ఆ పదవికి చదువు అక్కర్లేదు, ఓట్లు చాలు. శవాలని సింగారించి పూడ్చిపెట్టే దుకాణమూ అతనిదే. మనవాళ్ళని ఊరికే కోయించడని పేరుండబట్టే ప్రతిసారీ గెలుస్తాడు. ఎమిల్‌కి గుండె ఆగిందని రాసేశాడు.

సూపు ముందు పెట్టి, భోజనాలకి ఎవరొచ్చారో ఎవరు ముఖం చాటేశారో చెప్పుకొచ్చి, చివరికి గొంతు తగ్గించి ఎమిల్ బుగ్గల మాట ఎత్తింది వెరోనా. కూతురు నవ్వుతుందనుకుంది. జస్టీనా చెంచా కింద పెట్టేసింది.

"చెస్టర్ రంగేమైనా పూశాడా?"

"అడిగానే. చుక్క పూయలేదట, తెచ్చినప్పుడే అలా ఉన్నాడట. తన గొప్పేదో అన్నట్టు చెప్పాడు."

"గోళ్ళు?"

"గోళ్ళూ అంతే."

పోయేటప్పుడు బాబాయి ఎక్కడున్నాడని అడిగింది జస్టీనా. పొయ్యి గదిలోనే కునుకు తీశాడని చెప్పింది వెరోనా. పౌలీనా చర్చిలో పిరోగీలు చేయడానికి పోయి ఉంది. తిరిగొచ్చి చూసి, తలుపులన్నీ బార్లా తీసి వీధిలో పడి ఏడ్చింది. పొయ్యి దానంతటదే ఆరిపోయింది. అప్పట్నుంచీ ఈ పూట దాకా పౌలీనా ఇక్కడే, వెరోనా దగ్గరే ఉంది.

"అది గుండె కాదమ్మా. పొయ్యిలోంచి వచ్చే విషగాలి. పొగగొట్టం మూసుకుపోయి ఉంటుంది. వాసన ఉండదు, కనపడదు. ఒంట్లో చేరి రక్తాన్ని అలా ఎర్రగా చేసేస్తుంది. పిన్ని పొయ్యి రాజేస్తానందా?"

వెరోనా తల ఊపింది.

జస్టీనా ఫోను చేస్తే పౌలీనా ఇంట్లో మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగింది. జస్టీనా ఫైరింజను వాళ్ళకి చెప్పి, తల్లి చేతికి కోటు ఇచ్చి కారు తీసింది.

దారంతా ఉప్పు చల్లిన మంచు టైర్ల కింద కరకరలాడుతోంది. వెరోనా ఇక ఉండబట్టలేకపోయింది. చెస్టర్ నిజానికి ఎమిల్‌ని శవపరీక్షకి పంపుదామనే అనుకున్నాడని, తనే అడ్డుపడిందని చెప్పింది. "మా మరిదిని నా కూతురు చేత కోయించకు బాబూ అని బతిమాలాను. వాడి మీద కత్తి పెట్టిన చేతులకి నేను అన్నం ఎలా పెట్టను అనుకున్నానే."

జస్టీనా దారి చూస్తూనే ఉంది. తిట్టినా బాగుండేది వెరోనాకి.

పౌలీనా ఇంటి గొట్టంలోంచి పొగ రావడం లేదు. కిటికీలో మాత్రం పొయ్యి మంట వెలుగు కదులుతోంది. తలుపు గడియ వేసి ఉంది. జస్టీనా మంచు ఎత్తే పారతో అద్దం పగలగొట్టి, తల్లిని గుమ్మం ఎక్కొద్దని అరిచింది. అంతలో ఫైరింజను వచ్చేసింది. ముసుగులు తగిలించుకుని లోపలికి పోయినవాళ్ళు పౌలీనాని దుప్పటితో సహా ఎత్తుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. ఎమిల్ చొక్కా గుండెకి హత్తుకునే ఉంది.

వెరోనా ముందు చూసింది చెల్లెలి బుగ్గల్నే. ఏం తెలుస్తుంది? ఫైరింజను దీపం గిర్రున తిరుగుతూ అందరి ముఖాల మీదా ఎరుపు పూస్తోంది. జస్టీనా కూడా ఎర్రగానే ఉంది. ఎమిలే వచ్చి వాళ్ళ మధ్య నిలబడ్డట్టు అనిపించింది వెరోనాకి.

ముక్కుకి గాలి గొట్టం పెట్టారు. జస్టీనా వంగి పిన్ని మెడ మీద వేళ్ళు పెట్టబోయింది. ముట్టుకోకే అని గొంతుదాకా వచ్చింది వెరోనాకి. ఆ చేతులు పోయినవాళ్ళని తప్ప ముట్టుకుని ఎరగవు, తగిలితే పౌలీనా కూడా ఆ లెక్కలో చేరిపోతుందేమోనని పిచ్చి భయం. ఆ మాట మింగేసింది. ఒకసారి అడ్డుపడింది చాలు.

"నాడి ఉందమ్మా. పిలుస్తూ ఉండు. ఆపకు," అంది జస్టీనా.

వెరోనా మంచులో మోకాళ్ళ మీద కూలబడి పిలిచింది. పౌలీనా. ఒసే పౌలీనా. చిన్నప్పటి ముద్దుపేరు పెట్టి పిలిచింది, తిట్టి పిలిచింది. అద్దం ముక్కలు ఎవరో ఊడుస్తున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఇరుగుపొరుగువాళ్ళు వాకిళ్ళలో నిలబడి, చావు దగ్గర తీసినట్టు, ఒక్కొక్కరే టోపీలు తీసేస్తున్నారు. ఆ టోపీలు చూసి వెరోనా గొంతు ఇంకా పెంచింది. పిలిచి పిలిచి మాట బొంగురుపోయింది. జస్టీనా వేళ్ళు మాత్రం ఆ మెడ మీంచి కదల్లేదు.

చివరికి దుప్పటిలోంచి చిన్నగా, విసుగ్గా వినిపించింది.

"అరవకే అక్కా. తల పగిలిపోతోంది."