కురచ మడమ తుపాకీ

నాన్న ఎమ్మెట్ పోయాక ఆయన వేటకని కొన్న పాత మిలిటరీ తుపాకీ క్లైడ్ చేతికొచ్చింది. ఎవడో భుజానికి ఆనించే దాని చెక్క మడమను రెండంగుళాలు కోసిపారేశాడు. "కసాయివాడైనా ఇంతకంటే శుభ్రంగా కోస్తాడు" అని పెన్సిల్వేనియా వేటగాళ్ల క్లబ్బులో, నాన్న ముందే, క్లైడ్ అందర్నీ ఎన్నిసార్లు నవ్వించాడో. నాన్నా నవ్వేవాడు. జింకల వేట మొదలైందంటే ఆయన ముక్కు వాచేది. పేల్చినప్పుడల్లా ఆ కురచ తుపాకీ వెనక్కి తన్ని, దాన్ని పట్టుకున్న చేతి బొటనవేలు ముక్కుకి కొట్టుకునేది. ఆ వాపు మీదా క్లైడ్ జోకులే.

ఇప్పుడు సైన్యంలో వాడినప్పటి కొలతల్లో కొత్త చెక్క మడమ తెప్పించాడు. పాతది ఊడదీయబోతుంటే అక్క లోర్నా వచ్చింది.

"మార్చేస్తున్నావా?"

"మార్చక? ఏ వెధవ కోశాడో గానీ..."

"నాన్నే కోశాడ్రా."

క్లైడ్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

"నీ మొదటి వేటకి. పన్నెండేళ్లొచ్చినా పిడికెడు ఉండేవాడివి. నీకోసం కోశానంటే చిన్నబుచ్చుకుంటావని, కొన్నప్పుడే అలా ఉందన్నాడు. మరుసటేడు నువ్వు కొత్త తుపాకీ కొనిపించుకున్నావ్. ఆయనకిదే మిగిలింది."

"నేనన్నేసి మాటలంటుంటే నువ్వైనా చెప్పకూడదా అక్కా?"

"చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."

క్లైడ్ వదులైన స్క్రూలు మళ్లీ బిగించి, తుపాకీని భుజానికెత్తి చూశాడు. బొటనవేలు సరిగ్గా ముక్కుకి ఆనింది.

"ఈసారి వేటకి దీంతోనే వెళ్తా."

"ముక్కు వాస్తుందిరా."

"వాయనీ" అన్నాడు క్లైడ్.