మిద్దె నుంచి మిద్దెకు

“పర్దా కర్లో అమ్మా, మై ఆరౌం!”

పైనున్న ఆడవాళ్లు చాటుకు తప్పుకోమని మూడో మెట్టు మీద ఆగి కేక వేసి, వైకుంఠం మనసులో పది లెక్కపెట్టుకున్నాడు. పైన చెప్పుల చప్పుడు, గాజుల చప్పుడు, ఎవరో బకెట్టు పక్కకు జరిపిన చప్పుడు, చివరికి తలుపు గడియ పడిన చప్పుడు. అప్పుడుగానీ నాలుగో మెట్టు ఎక్కలేదు. మిద్దె మీద మనిషి జాడ లేదు. దండేనికి ఆరేసిన బట్టలు, చాటలో సగం ఏరిన కందిపప్పు, పిట్టగోడ మీద స్టీలు గ్లాసులో మంచినీళ్లు. ఆ గ్లాసు అతని కోసమే. నీళ్లు తాగి, గ్లాసు బోర్లించి, పనిలో పడ్డాడు.

పొట్టి మనిషి. ఎండకు మాడిన బక్క ఒళ్లు, రెండు మోకాళ్లకు కట్లు, భుజాన నీలం వైరు చుట్ట. యాభై దాటాక చూపు కాస్త మందగించింది గానీ గొంతు మాత్రం కంచుగంట. నాలుగు రోజులు ముసురు పట్టి ఆ శుక్రవారం పొద్దునే ఎండ పొడిచింది. వాన తర్వాత మిద్దెల మీది నెట్ వైర్ల డబ్బాల్లోకి నీళ్లు దిగాయేమో చూసుకోవడం అతనికి అలవాటు.

పాలమూరు నుంచి పాతబస్తీకి వచ్చినప్పుడు అతనికి పాతికేళ్లు కూడా లేవు. మొదట టీవీ యాంటెన్నాలు కట్టాడు. బొమ్మ వచ్చిందా, పోయిందా అని కింద నుంచి ఇంటాయన అరుస్తుంటే పైన గొట్టం తిప్పుతూ ఏళ్లు గడిపాడు. తర్వాత యాంటెన్నాలు విప్పేసి కేబుల్ వైర్లు లాగాడు. ఇప్పుడు నెట్ వైర్లు. సుర్మా గల్లీ ఇళ్లలో ముందు గదులు ఎలా ఉంటాయో అతనికి తెలియదు. మిద్దెలు మాత్రం ఒక్కొక్కటీ తెలుసు. ఏ పిట్టగోడ వదులైందో, ఏ ట్యాంకు కారుతుందో, ఏ ఇంట్లో తలుపు వెనక నుంచి ఎవరు ఎలా దగ్గుతారో కూడా తెలుసు. ముఖాలు తెలియవు. పాతికేళ్లలో ఒక్క ముఖం చూడలేదు.

కాదు, ఒకసారి చూశాడు. యాంటెన్నాల కాలంలో క్రికెట్ మ్యాచ్ రోజున తొందరపడి, కేక వేయకుండా మెట్లెక్కేశాడు. కొత్త కోడలు తలారబెట్టుకుంటోంది. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. అత్తగారు వచ్చి తలుపు వేసుకుంది, అంతే. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆ గల్లీలో ఎవరూ అతన్ని పనికి పిలవలేదు. కడుపు మాడిన సంగతి కన్నా ఆ తలుపు మూసుకున్న తీరే అతనికి ఎక్కువ గుర్తుంది. ఆఖరికి మహబూబ్ వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని మళ్లీ తీసుకొచ్చాడు. అప్పటి నుంచి ఇంట్లో మగవాళ్లు లేకపోతే గడప తొక్కడు, కేక వేయకుండా మూడో మెట్టు దాటడు.

ఆ మహబూబ్ గడియారాలు బాగుచేస్తాడు. రెండేళ్ల కిందట నెట్ కోసం ఒక కంపెనీ చుట్టూ తిరిగితే, మీ గల్లీల్లోకి మా మనుషులు రారు పొమ్మన్నారు. మహబూబ్‌కి రోషం వచ్చింది. మొహల్లా కమిటీని కూర్చోబెట్టాడు. గల్లీ మొదట్లో దర్జీ దుకాణం మీద కమిటీ గది ఉంది. రోడ్డు మీది లైను ఒకటి అక్కడిదాకా తెప్పించి, అక్కడి నుంచి మిద్దెల మీదుగా వాళ్లే ఇంటింటికీ వైరు లాక్కున్నారు. నలభై రెండు ఇళ్లు. కొన్ని ఇళ్లకొక డబ్బా, డబ్బాలో చిన్న ఆకుపచ్చ లైట్లు. లాగింది వైకుంఠమే. ఇంగ్లిషు ముక్క రాని మనిషి ఎనిమిది రంగుల తీగల వరుస ఒక్క మధ్యాహ్నంలో నేర్చుకున్నాడు.

“భాయ్, గీ వైర్ల ఏం పోతది?” అని ఒకసారి తలుపు వెనక నుంచి అమీనా అడిగింది. ఆమె మగ్గం వర్క్ చేస్తుంది. భర్త పోయాక పెళ్లిబట్టల మీద జరీ కుట్టి కొడుకును సాకుతోంది.

“నాకేం ఎరుక అమీనాబీ? ఇటు పెడితే అటు ఎల్తది. నడుమ తెగొద్దు, గదే నా పని.”

మధ్యాహ్నం ఒంటిగంటకు గల్లీలో మగవాళ్లందరూ జుమ్మా నమాజుకు వెళ్లిపోయారు. షట్టర్లు పడ్డాయి. ఇంటికొక్క సెల్లు ఉండేది, అది మగవాళ్ల జేబులోనే వెళ్లింది. వైకుంఠం కమిటీ గది పైకెక్కి, నీడలో కూర్చుని టిఫిన్ డబ్బా విప్పాడు. భార్య సుగుణమ్మ పెట్టిన జొన్నరొట్టె ఇంకా నోట్లోకి పోలేదు. మిద్దెల మీద నుంచి ఒక గొంతు నుంచి ఇంకో గొంతుకు అందుకుంటూ కేక వచ్చింది.

“వైకుంఠం భాయ్! మాహిరా ఇంట్ల నెట్ బంద్ అయింది!”

రొట్టె డబ్బాలో పడేసి లేచాడు.

మాహిరా ఐదో ఇల్లు. ఆటో నడిపే దానిష్ కూతురు. ఇంజినీరింగుకు మంచి ర్యాంకు తెచ్చుకుంది. తనకు కావలసిన కాలేజీల పేర్లు నెట్‌లో వరుసగా పెట్టాలి. రోడ్డు మీది నెట్ సెంటర్‌లో మగపిల్లల మధ్య కూర్చోవడానికి తండ్రి ససేమిరా అన్నాడు. అసలు చదువే వద్దన్నాడు. ఇంట్లోనే పాత కంప్యూటర్ ముందు కూర్చుని పెట్టుకుంటానని పిల్ల పది రోజులు బతిమాలితే, నిన్న రాత్రి పడుకోబోయే ముందు సరేనన్నాడు. పొద్దున్నుంచి పిల్ల ఆ వరుసే కాగితం మీద రాసుకుని దిద్దుకుంటోంది. గడువు ఈ రోజు రెండు గంటలకు. గల్లీ మొత్తానికీ తెలిసిన సంగతే అది.

“డబ్బాలు చూడుండ్రి! పచ్చలైటు ఎక్కడిదాంక ఉంది?” అని అరిచాడు.

జవాబు కాసేపటికి వచ్చింది. అమీనా మిద్దె దాకా వెలుగుతోంది. అమీనా డబ్బా నుంచి మాహిరా ఇంటికి పోయే వైరు కొసనున్న ప్లగ్గు తెగిపోయి, ఉత్త వైరు వేలాడుతోంది. నాలుగు రోజుల తర్వాత ఎండ వచ్చిందని మాహిరా వాళ్ల నానమ్మ, అందరూ దాదీ అనే ముసలామె, తడిసి బరువెక్కిన రజాయి బొంత తెచ్చి నెట్ వైరు మీద ఆరేసింది. ఇంత గట్టి తాడు ఖాళీగా ఉంటే బట్టలేసుకోక ఏం చేస్తారు, ఆమె తప్పేం లేదు.

నాలుగు ఇళ్లు. అతని కాళ్లకు రెండు నిమిషాల దారి. మెట్ల దాకా వెళ్లి ఆగిపోయాడు. ఒక్క ఇంట్లోనూ మగమనిషి లేడు. వాళ్లు తిరిగొచ్చేసరికి రెండు దాటుతుంది. పాతికేళ్లుగా కాపాడుకున్న మాట ఒకవైపు, ఎన్నడూ చూడని పిల్ల చదువు ఒకవైపు. అతనికి ఏడుపే వచ్చింది, అబద్ధమెందుకు.

“భాయ్, నువ్వు రాకు.” ఆ సన్నటి మాట అమీనాది. మధ్యలో ఇద్దరు అందుకుంటేగానీ అతని దాకా రాలేదు. “నువ్వు చెప్పు. మేం చేస్తం.”

గీ పని మీతోని అయితదా అనబోయి, మింగేశాడు. సంచిలోంచి క్రింపర్ తీశాడు. వైరు కొసకు ప్లగ్గు బిగించే పట్టకారు అది. దాన్నీ, మూడు కొత్త ప్లగ్గులనూ రుమాల్లో మూటకట్టి మహబూబ్ ఇంటి వైపు పిట్టగోడ మీద పెట్టాడు. పెట్టి, మిద్దెలకు వీపు చేసి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

“నేను మొఖం తిప్పుకున్న. అందరు పైకి రాండ్రి.”

వెనక తలుపులు తెరుచుకుంటున్న చప్పుడు. ఒకటి, రెండు, తర్వాత లెక్క తప్పింది. ఇన్ని గడియలు ఒక్కసారి తీస్తుండగా అతనెప్పుడూ వినలేదు. వెనక పిట్టగోడ మీద గాజులు గలగలమన్నాయి. మూట వెళ్లిపోయింది.

మూడో ఇంటికీ నాలుగో ఇంటికీ నడుమ నాలుగడుగుల సందు ఉంది. అక్కడ గొడవైంది. విసురుదామని ఒకరు, పడితే మోరీలోకే పోతుందని ఒకరు. చివరికి మూడో ఇంటి దాకా వచ్చిన మహబూబ్ భార్య దండెం కర్రకు మూట తగిలించి సందు మీదుగా చాపిందట. “అందిందా?” “అందలే!” “ఇంక జర్ర!” వైకుంఠం పిడికిళ్లు బిగించి రోడ్డు మీద నిలిపిన ఆటోలను చూస్తూ నిలబడ్డాడు. తల తిప్పలేదు.

“అందింది!”

“ఇనుండ్రి,” అని మొదలుపెట్టాడు. “వైరు కొసకు పైతోలు రెండు వేళ్ల మందం తియ్యాలె. లోపట ఎనిమిది సన్న తీగలుంటయ్. ఒకటికొకటి చుట్టుకోని ఉంటయ్, విప్పి సాపు చెయ్యి. ప్లగ్గు నాలుక నేల దిక్కు పెట్టు. ఎడమ దిక్కు నుంచి చెప్తున్న. నారంగి చార ఉన్న తెల్లది. నిండు నారంగి. హరా చార తెల్లది. నిండు నీలా. నీలా చార తెల్లది. నిండు హరా. కత్థయి చార తెల్లది. ఆఖరుకు నిండు కత్థయి.”

నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ, ఒక్కో రంగూ వాళ్ల ఉర్దూ పేరుతో ఒక్కో మిద్దె మీద మళ్లీ పలికింది. నారంగి, నారంగి, నారంగి అంటూ గొంతులు దూరం జరిగి, అమీనా దగ్గర ఆగేవి. సరే అన్న జవాబు అదే దారిన తిరిగొచ్చేది. వాళ్లలో కొందరు ఒకరితో ఒకరు మాట్లాడి నెలలైందని, నీళ్ల దగ్గర పోట్లాడుకున్నారని వైకుంఠానికి తెలుసు.

“కొసలు ఒక్కతీరుగ కత్తిరించి, ప్లగ్గుల దూర్చి, క్రింపర్ల పెట్టి గట్టిగ ఒత్తు!”

ఒత్తింది. డబ్బాలో పెట్టింది.

“లైటు రాలే భాయ్.”

అప్పటికే ఒకటిన్నరైంది. “రంగులు తప్పినయేమో అమీనాబీ,” అన్నాడు.

ఈసారి జవాబు ఎవరి సాయం లేకుండా నేరుగా వచ్చింది. పాతికేళ్లలో అమీనా అంత గట్టిగా మాట్లాడగా అతను వినలేదు. “రంగుల్ల నేను తప్పు చెయ్య! దుల్హన్ దుపట్టాల మీద పనిజేసే చేతులివి!”

వైకుంఠానికి అంత కంగారులోనూ నవ్వొచ్చింది. “తప్పయింది బీ! తీగల కొసలు ప్లగ్గు ఆ చివర తగిలినయా చూడు.”

“తగల్లే. జర్ర ఎనక్కున్నయ్.”

“కోసెయ్. మళ్ల చెయ్. వైరు సరిపోదని ఫికర్ పడకు. ప్రతి డబ్బా కాడ మూరెడు చుట్ట ఎక్కువిడిసిన.”

రెండోసారి రంగులు చెప్పనివ్వలేదు ఆమె. చెప్పబోతే మిద్దెల మీది ఆడవాళ్లంతా ఉష్ అన్నారు. మసీదు మైకులో ఖుత్బా ప్రసంగం సన్నగా వినిపిస్తోంది. పావు తక్కువ రెండైంది.

అప్పుడు వెనక లేచిన అరుపుకు దర్జీ దుకాణం రేకు మీది పావురాలు అన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

“పచ్చలైటు! భాయ్, పచ్చలైటు!”

తల తిప్పబోయి, బలవంతాన ఆపుకున్నాడు. ఇక మిగిలింది ఆ పిల్ల పని. ఐదు నిమిషాలు గడిచాయి. పది నిమిషాలు. తర్వాత ఐదో మిద్దె మీద నుంచి ఒక లేతగొంతు, ఎవరూ అందుకోనక్కర్లేకుండా, గల్లీ ఆ చివర నుంచి ఈ చివర దాకా వినబడింది.

“అయిపోయింది చాచా! అన్నీ పెట్టిన!”

ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. దాదీ తన రజాయినే తిట్టింది. ఎవరో గిన్నె మీద గరిటెతో వాయించారు. ఆ మోత మధ్య వైకుంఠం రోడ్డు వైపే నిలబడి, తువ్వాలుతో ముఖం ఒత్తుకుంటూ నవ్వాడు. జీవితంలో ఇంత గొప్ప పని తన చేతులతో చేయలేదు, ఇదీ తన చేతులతో చేసింది కాదు. అందుకే ఇంకా సంతోషంగా ఉంది అతనికి.

నమాజు నుంచి వచ్చిన మగవాళ్లు గల్లీ మొదట్లోనే ఆగిపోయారు. మహబూబ్ టోపీ సర్దుకుంటూ పైకి చూశాడు.

“ఏంది వైకుంఠం ఈ లొల్లి?”

“ఏం లేదు భాయ్. అమ్మలందరు కలిసి నీ నెట్‌ను నడిపిస్తున్నరు.”

మాహిరాకు సీటు వచ్చింది, అడిగిన మొదటి కాలేజీలోనే. కాలేజీ తెరిచినప్పటి నుంచి దానిష్ రోజూ పొద్దున కూతురిని ఆటోలో కాలేజీ బస్సు దాకా దింపేవాడు, ఆ వేళ తన పక్క సీటులో ఎవరినీ ఎక్కించుకునేవాడు కాదు. ఇక మిద్దెల మీద వైరు పని ఆడవాళ్లు వదల్లేదు. వానకు తడిస్తే వాళ్లే తుడుచుకున్నారు, కోతులు కొరికితే వాళ్లే అతికారు. నలభై రెండు ఇళ్లు తొంభై అయ్యాయి. వైకుంఠానికి మెట్లెక్కే పని తగ్గింది. ఇంకొకరైతే పని పోయిందని ఏడ్చేవారు. అతను మాత్రం దర్జీ దుకాణం ముందు చాయ్ తాగుతూ, మా ఆడోళ్లు మస్తు పని చేస్తరని దారిన పోయేవాళ్లకు చెప్పుకునేవాడు.

మరుసటి చలికాలంలో ఒక తెల్లవారుజామున, చాంద్రాయణగుట్ట దగ్గర తన ఇంట్లో, నిద్రలోనే పోయాడు. ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు.

దినాలయ్యాక దానిష్ ఆటోలో నలుగురు ఆడవాళ్లు వచ్చారు. గుమ్మంలో బురఖాలను చూసి సుగుణమ్మ ముందు తెల్లబోయింది. వారిలో ఒకామె సన్నగా, “అందరు బాగున్నరా అమ్మా?” అంది.

“నువ్వు అమీనాబీవి గదా?” అంది సుగుణమ్మ వెంటనే. రెండో ఆమె దగ్గితే, “నువ్వు మహబూబ్ ఇంటి అమ్మవు,” అంది. “ఆయన రోజు మీ తీరుగనే మాట్లాడి చూపిస్తుండె. నాకు మీరందరు ఎరుకే.”

నలుగురూ గుమ్మంలోనే ముసుగులు పైకెత్తి ఏడ్చారు. వెళ్లేముందు అమీనా ఆనాటి నుంచి తన దగ్గరే ఉన్న వైకుంఠం క్రింపర్‌ను సంచిలోంచి తీసి, ఇది నీదే అని సుగుణమ్మ చేతికిచ్చింది. సుగుణమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ ఆమె చేతిలోనే పెట్టి వేళ్లు మూసింది.

“రేపు వైరు తెగితే దేనితోని అతుకుతవ్?”

ఇప్పుడది అమీనా ఇంట్లో, మగ్గం పక్కన గోడగూట్లో, సూదుల డబ్బాకూ జరీ ఉండలకూ నడుమ ఉంటుంది. నీలం పిడి మీద వైకుంఠం బొటనవేలు అరగదీసిన చోటు తెల్లగా, నున్నగా ఉంది. దానికి కాస్త కిందగా, తన చేతికి పట్టు చిక్కేలా, అమీనా బంగారురంగు దారం చుట్టుకుంది.