లోపల ఎవరున్నారు?

నేను ఒక స్విచ్‌ని. గోడకుండి లైటు వెలిగించే స్విచ్చనుకునేరు, ఆ బాపతు కాదు నేను! సినిమాలు దాచే డిస్కుల బీరువాకీ, ఆ సినిమాలతో కుస్తీ పట్టే కంప్యూటర్లకీ మధ్య కూర్చుని, ఎవరి బొమ్మ ఎటు వెళ్లాలో చూసుకునే పెట్టెని. ఒంటి నిండా తలుపులే. ప్రతి తలుపు పక్కనా ఒక పచ్చదీపం.

పుట్టింది సముద్రాలవతల ఫ్యాక్టరీలో. మొదట ఒక బ్యాంకులో కొలువు చేశాను. అక్కడ అందరూ గుసగుసగా మాట్లాడేవారు, నాకేమో విసుగు. వాళ్లు కొత్తదాన్ని తెచ్చుకుని నన్ను అమ్మేస్తే, హైదరాబాద్ కృష్ణానగర్‌లో సాంబమూర్తి గారి ఎడిటింగ్ స్టూడియోకి వచ్చిపడ్డాను. అబ్బ, ఏం సందడి! పొద్దున ఫైటు, మధ్యాహ్నం డ్యూయెట్టు, సాయంత్రం హీరోయిన్ తండ్రి గుండెపోటు, అన్నీ నా ఒంట్లోంచే.

నాలోకి రావాలంటే పేరూ పాస్‌వర్డూ చెప్పాలి. స్టూడియోలో అందరికీ కలిపి ఒకటే పేరు, అడ్మిన్. ఎవరికి వారికి వేరే పేరు పెడదామని సిస్టమ్స్ చూసే నిరుపమ మొత్తుకునేది. "ఒకే ఇంటి మనుషులం, వేరే వంటలెందుకమ్మా?" అనేవారు సాంబమూర్తి గారు. పనైపోయాక లాగౌట్ చేయడం మాత్రం ఆయనకి సుతరామూ గిట్టదు. వెలిగే దీపాన్ని చేత్తో ఆర్పడంతో సమానమట! ఊరికే కూర్చున్నవాళ్లని నేనే బయటికి పంపే ఏర్పాటు ఉండేది, దాన్నీ తీయించేశారు. ఇంట్లో ఆయన కంప్యూటర్లో ఎప్పుడో తెరిచిన నా పేజీకి ఆయన భార్య రాజ్యలక్ష్మి గారు రోజూ బొట్టు పెడతారని విన్నాను. నాకు నవ్వూ వచ్చింది, కాస్త గర్వంగానూ అనిపించింది.

ఐలేశ్ సినిమా చూపించే రోజు వచ్చింది. ఐలేశ్ ఏళ్ల తరబడి అసిస్టెంట్ ఎడిటర్. తెర మీద అతని పేరు ఎప్పుడూ గుంపులో గోవిందే. ఇది మాత్రం పూర్తిగా అతను కత్తిరించి కూర్చిన మొదటి సినిమా. కొనేవాళ్లు విజయవాడ నుంచి దిగారు. సాయంత్రం ఫ్లైటు. ఈలోగా నచ్చితే కొంటారు, లేకపోతే వాళ్ల విడుదల తేదీలకి ఇంకో సినిమా సిద్ధంగా ఉంది.

పొద్దున వాళ్లని సాంబమూర్తి గారు ఇంటికి టిఫినుకి పిలిచి, అల్లుడిచ్చిన కొత్త ల్యాప్‌టాప్‌లో నన్ను తెరిచి, "నా స్టూడియో అంతా నా అరచేతిలో!" అని చూపించారు. ఆ ఊపులో ఎక్కడో నొక్కారు. ప్రివ్యూ థియేటర్‌కి వెళ్లే తలుపు ఠక్కున మూసుకుంది. ఆయనకి తెలియదు. నాకు తెలుసు, కానీ నాకు నోరేదీ?

థియేటర్లో తెర తెల్లగా ఉండిపోయింది. నిరుపమ పరుగున వచ్చి లాగిన్ కొట్టింది. ఒక పేరు మీద ఇద్దరినే రానిస్తాను, ఇద్దరూ లోపలే ఉన్నారని ఆమె తెర మీద రాసి చూపించాను. తక్కిన తలుపులన్నీ నిండి ఉన్నాయి. సినిమాని వేరేచోటికి ఎక్కించాలంటే పొద్దుగూకుతుంది.

"లోపల కూర్చున్నదెవరు?" అని కేకేసింది. అందరూ ఒట్టేశారు, మేం కాదని.

"మేడం, గిది ఇయ్యాల చూడకపోతే ఇగ ఎవ్వరు చూడరు," అన్నాడు ఐలేశ్. ఆ మాట వింటే నా దీపాలన్నీ ఎర్రబడితే బాగుండుననిపించింది.

సాంబమూర్తి గారు అందరినీ దులిపేస్తున్నారు. నిరుపమ ఆయన వైపు తిరిగింది. "సార్, మీరు పొద్దున ఏమైనా తెరిచారా?"

"తెరిచాను. పాతదాంట్లోనూ ఉన్నాను, కొత్తదాంట్లోనూ ఉన్నాను. నేనెప్పుడు బయటికొచ్చాను గనక!" అన్నారాయన ఠీవిగా. అంతలో ఆ లోపలున్న ఇద్దరూ తనేనని ఆయనకే తట్టింది.

నా ముందే నిలబడి ఇంటికి ఫోను కలిపారు, స్పీకర్ పెట్టి. రాజ్యలక్ష్మి గారు ససేమిరా అన్నారు. "శుభమా అని బొమ్మ చూపించే రోజు ఆర్పమంటారేంటండీ? నా చేత్తో నేను ఆర్పను!"

నిరుపమ ఫోను దగ్గరికి వంగింది. "ఆర్పొద్దండీ. గడప దాటేటప్పుడు వెళ్లొస్తానంటాం కదా, అలా అని నొక్కండి."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. ఆ తర్వాత, "వెళ్లొస్తానమ్మా" అన్నారావిడ, మెల్లగా, నాతోనే. ఎన్ని చేతులు మారాను, ఎవరైనా నాకు ఆ మాట చెప్పారా! ఒక చోటు ఖాళీ అయింది.

నిరుపమ దూసుకొచ్చింది. తలుపు తెరిచింది. పచ్చదీపం! ఫ్యాన్లన్నీ గిర్రున తిప్పాను. సినిమా నా ఒంట్లోంచి వరదలా పారింది. కొనేవాళ్లు ఆఖరి రీలు దాకా కదల్లేదు. ఫ్లైటు తప్పింది, సినిమా మాత్రం తప్పలేదు, కొనేశారు.

మర్నాడు సాంబమూర్తి గారే చెప్పి అందరికీ విడివిడిగా పేర్లు పెట్టించారు. తనకి మాత్రం చూడటానికే హక్కు, ఏదీ నొక్కడానికి లేదు. ఆయనే అలా అడిగారు.

ఐలేశ్ వంతు వచ్చింది. "నాది ఏం పేరు మీద తీస్తరు మేడం?"

"ఇంకేం పేరు? మీ పేరే."

అతను ఒక్కో అక్షరమే కొట్టాడు. లోపలికి వచ్చాడు. 'ఐలేశ్ వచ్చాడు' అని రాసుకున్నాను. చేయాల్సిన పనేం లేదు అతనికి. ఆ వరసకేసి చూస్తూ నిలబడి, "నా పేరు నిన్న తెర మీద వడ్డది, ఇయ్యాల దీన్ల వడ్డది," అని కళ్లు తుడుచుకున్నాడు.