నూనె పసుపు

నేను ఒక కారు తలుపు అడుగున బిగించిన జానెడు వెడల్పు నల్ల ప్లాస్టిక్ పట్టీని. ఎడమవైపు ముందు తలుపు నాది. నల్లటి గుళికలను కరిగించి, అచ్చులో పోసి, చల్లారాక నన్ను బయటికి తీశారు. తలుపుకు రంగు వేశారు, దాని మీద మెరుపు పూశారు. నాకు మాత్రం ఏమీ లేదు. నల్లగానే పుట్టింది కదా, ఇంకేం కావాలి అనుకున్నారేమో. దారిలో రాళ్లు తగిలేదీ, బురద పడేదీ మాత్రం నా మీదే.

గోదావరిఖనిలో బొగ్గుబావిలో పనిచేసే ఓదెలు ఆ కారు కొన్నాడు. పూజ రోజు అతని భార్య భూలక్ష్మి గిన్నెలో పసుపు కలిపింది. అందరూ నీళ్లతో కలుపుతారు. ఆమె కొబ్బరినూనెతో కలిపింది, ఎండినా రాలకుండా ఉంటుందని. ఓదెలు అక్క కనకవ్వ మూతి విరిచింది.

"నూనె పసుపు పెండ్లిపిల్లకు రాస్తరే, బండికి గాదు."

భూలక్ష్మి నవ్వి, అరచేతికి ఆ పసుపు పట్టించి, తాను కూర్చోబోయే తలుపు మీద, సరిగ్గా నా మీద, గట్టిగా అద్దింది. "ఇది నా జాగ. ఎవ్వలు తుడువొద్దు," అంది. ఎవరూ తుడవలేదు.

మొదటి ప్రయాణంలోనే ఆమె చీర కొంగు తలుపులో ఇరుక్కుని దారి పొడుగునా నన్ను చరుస్తూ వచ్చింది. అప్పటినుంచి ఓదెలే నా తలుపు తెరిచేవాడు. ఆమె కూర్చున్నాక "కొంగు లోపలున్నదా?" అని అడిగేవాడు. "ఉన్నది, ఎయ్యి," అని ఆమె అన్నాకే వేసేవాడు.

ఆ ఊరి ఎండల సంగతి వేరే చెప్పాలా? కొన్ని వేసవులకే నేను బూడిదరంగుకు తిరిగాను. ఓదెలు ముద్దుగా బండికంతా మైనం రుద్దేవాడు. అది నా గరుకు ఒంట్లో దూరి తెల్లమరకలై మిగిలేది. పసుపు వానలకు ఎప్పుడో పోయింది కానీ, నూనె నాలోకి దిగిపోయింది. అది దిగిన చోట నేను వెలవలేదు. వెలిసిన పట్టీ మీద నల్లగా ఒక అరచెయ్యి, ఐదు వేళ్లు మిగిలాయి.

ఒక వానాకాలం భూలక్ష్మికి జ్వరం తిరగబెట్టింది. ఆస్పత్రికి నా తలుపులోంచే ఎక్కింది. తిరిగి ఎక్కలేదు.

ఆ తర్వాత కూడా ఓదెలు పొద్దున్నే నా తలుపు తెరిచేవాడు. "కొంగు లోపలున్నదా?" అనేవాడు. జవాబుకు పట్టేంతసేపు ఆగి, మెల్లగా వేసేవాడు. నాకు భయం వేసేది. పొద్దు ఇంకా పొడవకముందే, అతను అడగగానే, ఆ వేళ్లున్న చోట నా ఒళ్లు వెచ్చబడేది.

ఒకరోజు ఆ మాట కనకవ్వ చెవిన పడింది. "తమ్మీ, పోయినదాన్ని పిలువొద్దురా. ఆ చెయ్యి తీపియ్యి. అది పోతలేదు, నువ్వు బతుకుతలేవు." సంవత్సరీకం అయ్యాక ఓదెలు సరేనన్నాడు.

పాత కార్లకు మెరుపు తెచ్చే యాకూబ్ నన్ను సబ్బునీళ్లతో తోమాడు. మైనం మరకలు బ్రష్షుతో గీకాడు. తర్వాత వేడిగాలి ఊదే హీట్ గన్ పట్టాడు. ఆ వేడికి నా అడుగున దాగిన నలుపు పైకి తేలింది. చుట్టూ నలుపు కమ్ముతుంటే ఆ చెయ్యి నాలో మునిగిపోయింది. ముందు బొటనవేలు, చివరికి చిటికెనవేలు. ఎదుటి చాయ్ బండి దగ్గర ఓదెలు అటు తిరిగి నిలబడ్డాడు.

"సూడు సార్, షోరూం నుంచి తెచ్చినట్టున్నది," అన్నాడు యాకూబ్. "ఎండల మాత్రం పెట్టకు, మళ్ల వెలుస్తది. గా చెయ్యి ఉన్నకాడ నూనె తాగింది, గదొక్కటే వెలవది. మళ్ల కనవడ్తది."

ఓదెలు నన్ను తడిమాడు. ఏమీ దొరకలేదు.

"ఎన్ని దినాలకు?"

"నీడల ఉంటే శానా ఏండ్లు ఆగుతది సార్."

"నీడల గాదు," అన్నాడు ఓదెలు. "ఎండల."

ఆ రోజు నుంచి కారు రేకుల షెడ్డులోకి వెళ్లలేదు. నా వైపు పడమటికి తిప్పి నడివాకిట్లో పెట్టాడు. నా తలుపు తెరవడం మానేశాడు. మనుషులు నాలాంటి పట్టీలను నల్లగా ఉంచడానికి సీసాలకు సీసాలు మెరుపు మందు కొంటారు. ఈయనేమో వెలిసిపొమ్మని నన్ను బతిమాలేవాడు. వీధిలో వాళ్లు నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. యాకూబ్ పట్టిన వేడికి నూనె కూడా ఎగిరిపోయి ఉంటే? నేను నిలువెల్లా ఒకేలా వెలిసిపోతే ఈయన ఏమైపోతాడు?

వానలు పోయాయి, చలి పోయింది. నేను అక్కడక్కడా పాలిపోయాను. చెయ్యి రాలేదు. రోహిణి ఎండల్లో, చిట్టచివర మునిగిన చిటికెనవేలు ముందుగా తేలింది. దాని వెనకే మిగతావి.

ఐదు వేళ్లూ కనబడిన పొద్దున ఓదెలు నా తలుపు తెరిచాడు.

"కొంగు లోపలున్నదా?"

కనకవ్వ గడపలోనే ఉంది. ఈసారి వద్దనలేదు. తమ్ముడి ముఖం చూసింది.

"ఉన్నదిరా," అంది. "ఎయ్యి."

ఓదెలు తలుపు మెల్లగా నెట్టాడు. అది పడేముందు, మెత్తటి గుడ్డ ఏదో నా అంచును రాసుకుని లోపలికి జారింది.