కణత మీది మాత్ర

"కదలొద్దు పెద్దాయనా, తుమ్మొచ్చినా సరే" అంటూ స్కానింగు ఆపరేటరు ముసలాయన కణత మీద చేపనూనె మాత్రను ప్లాస్టరుతో అంటించాడు. నొప్పి ఎక్కడో చూపించమనడం, చూపించినచోట మాత్ర అంటించడం అతనికి ఇరవై రెండేళ్ళ అలవాటు. స్కానింగు బొమ్మలో అది తెల్లటి చుక్కలా పడుతుంది, డాక్టరుకు వెతుకులాట తప్పుతుంది. రోజంతా ఆ ఒక్కమాటే అంటాడని ఆసుపత్రిలో అందరూ అతన్ని 'కదలొద్దు' అనే పిలుస్తారు. తాను మాత్రం కుదురుగా నాలుగు నిమిషాలు కూర్చోలేడు.

ఈరోజు మరీ కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. నిన్న ఒక కుట్టుపనామె వచ్చింది. "తలంతా నొప్పే అన్నా, ఎక్కడని చూపించను?" అంది. అందుకని మాత్ర అంటించలేదు. మెదడులో గడ్డలు కనిపెట్టడానికి కొత్తగా తెచ్చిన కంప్యూటరు ఆమె బొమ్మలు చూసి 'ఏమీ లేదు' అంది. అది లేదన్నవి డాక్టరు దాకా వెళ్ళవు. ఆమె దండం పెట్టి వెళ్ళిపోయింది. ఎడమవైపు ఏదో మసక ఉన్నట్టు అతనికి అనిపించింది. కానీ ఆపరేటరు నోరు విప్పకూడదు. విప్పలేదు. ఇంటికెళ్తే తిండి సహించలేదు.

ఇప్పుడు ముసలాయన బొమ్మలకు కంప్యూటరు 'గడ్డ ఉంది' అని ఎర్రగా చూపించింది. డాక్టరమ్మ వచ్చి చూసి, అదేం లేదని కొట్టిపారేసింది. నిన్న ఆమెకు మాత్ర లేదు, ఈయనకు ఉంది. ఆ కంప్యూటరుకు చదువు చెప్పింది అతను తీసిన ఐదేళ్ళ బొమ్మలతోనే.

భోజనాల వేళ గడియారం, తాళాలు తీసి పక్కనపెట్టి తానే బల్ల మీద పడుకున్నాడు.

"అందర్నీ పడుకోబెట్టేవాడివి, నీకేమొచ్చింది బాబాయ్?" అంది నర్సమ్మ.

"ఏమీ రాలేదు తల్లీ. బటన్ నొక్కు."

మాత్ర లేకుండా ఒకసారి, మాత్రతో ఒకసారి. మొదటిసారి 'ఏమీ లేదు'. రెండోసారి నూటికి తొంభై మూడు పాళ్ళు గడ్డేనట. అదే తల, పావుగంట తేడా. అది మెదడును చూడటం లేదు, మాత్రను చూస్తోంది. ఐదేళ్ళ బొమ్మల్లో గడ్డ ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి మాత్ర ఉంది, అందుకే మాత్రే గడ్డకు గుర్తని నేర్చుకుంది.

పదవీ విరమణకు ఇంకా ఏడు నెలలుంది. నోరు మూసుకుంటే గడిచిపోతుంది. రెండుసార్లు వరండా చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. మూడోసారి డాక్టరమ్మ గది తలుపు తోశాడు.

ఆమె రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"ఈ మాత్రలు ఎవరు పెట్టమన్నారు మిమ్మల్ని?"

"ఎవరూ అనలేదమ్మా. నేనే."

"ఐదేళ్ళ బొమ్మలు... అన్నీ మళ్ళీ మొదలుపెట్టాలి. నేను పైవాళ్ళకు రాయక తప్పదు."

"రాయండమ్మా. ముందు నిన్నటి కుట్టుపనామెది చూడండి. మీ కళ్ళతో."

చూసింది. ఎడమవైపు ఆమె వేలు ఆగింది. ఫోను తీసి కుట్టుపనామెకు చేసింది. "అమ్మా, ఆసుపత్రి నుంచి. ఇంట్లో ఎవరినైనా తోడు తీసుకుని ఇప్పుడే రాగలవా? కంగారేం లేదు, వేళకే చూశాం."

అతను గోడకు ఆనుకున్నాడు. పొద్దుటి నుంచీ ఆగని కాళ్ళు అప్పుడు ఆగాయి. "తలకు ఇంకా అదేంటి?" అని ఆమె అడిగితే గాని, కణత మీది మాత్ర గుర్తురాలేదు. పీకి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. పైవాళ్ళు అతన్ని రావద్దన్నారు. మర్నాటి నుంచి స్కానింగు గదిలో ఇంకెవరో "కదలకండి" అంటున్నారు.

డాక్టరమ్మ బల్ల మీద మాత్ర అలాగే ఉంది, ప్లాస్టరుకు అంటుకున్న ఒక నెరిసిన వెంట్రుకతో.