అమావాస్య హాజరు

మూడో బిందె దించేసరికి వజ్రమ్మకు మెడనరం పట్టేసింది. నేతవీధి బడి వరండాలో తొట్టి ఇంకా సగం కూడా నిండలేదు. తలమీది చుట్టకుదురు తీసి, నీళ్ళు పిండి, మళ్ళీ గుండ్రంగా చుట్టుకుంది. పందొమ్మిదేళ్ళుగా ఏ చీర పాతబడితే ఆ చీర చుట్టకుదురవుతూ వచ్చింది.

ఈ బడికి కుళాయి లేదు. తిరుత్తణి స్టేషను వీధి బడికి రెండు కుళాయిలు, ఆరుగురు అయ్యవార్లు, పిల్లలు కూర్చోవడానికి బెంచీలు ఉన్నాయి. ఇక్కడ ఇద్దరు అయ్యవార్లు, గోనెపట్టలు. నీళ్ళు అక్కడినుంచే మోసుకురావాలి, అదీ అక్కడి తొట్లు నిండాక. అలాగని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మొదటిరోజే అక్కడి ఆయా కృష్ణమ్మ ఆమె బిందెను కాలితో పక్కకు జరిపింది. అప్పటినుంచి వజ్రమ్మ పక్కనే నిలబడుతోంది.

ఇప్పుడు ఉన్న ఇద్దరు అయ్యవార్లలో ఒకరు పోయేట్టున్నారు. హాజరు పట్టీలో నలభై పేర్లుంటేనే రెండో అయ్యవారు. ఉన్నవి ముప్పైమూడు. వీధిలో పిల్లలు లేక కాదు. ప్రతి మగ్గం పక్కనా ఒక బిడ్డ రాట్నం ముందు కూర్చుని నేతకు కండెలు చుడుతూ ఉంటుంది. వజ్రమ్మ మొగుడు నేసే రోజుల్లో ఆమె కూతురూ అలాగే చుట్టింది. తెగిన దారం కనపడకుండా అతకడం వచ్చింది గాని, ఆ పిల్లకు పేరు రాయడం రాలేదు. మొగుడు పోయాక వజ్రమ్మ బడిలో పనికి చేరింది. గుమ్మంలో కూర్చుని వినీ వినీ, యాభై దాటాక అక్షరాలు పట్టుకుంది. కూతురూ అల్లుడూ పూండి వైపు కూలికి పోతే, ఐదేళ్ళ మనవరాలు రాజామణి ఆమె దగ్గర ఉండిపోయింది. రెండో అయ్యవారు పోతే ఐదు తరగతులూ ఒకే గదిలో, ఒకే గొంతు కింద. స్టేషను వీధి బడిలో అడిగితే, మీ వీధివాళ్ళకు చోటు లేదన్నారు.

పేర్లు రాసుకునే గుమాస్తా కేశవన్ పై ఆఫీసునుంచి ఏడాదికోసారి వస్తాడు. పోయిన శుక్రవారమే రావలసినవాడు. పెద్దయ్యవారు సుదర్శనం కాగితమిచ్చి ఆ ఆఫీసుకు పంపినప్పుడు వజ్రమ్మే నోరు తెరిచి అడిగింది.

"అమావాస్యకు రాండి సార్. ఆ పొద్దు మగ్గాలు ఆడవు. బిడ్డలంతా బడిలోనే ఉంటారు."

కేశవన్ క్యాలెండరు చూసి సంతోషించాడు. తమిళులకు అమావాస్య మంచిరోజు. "రొంబ నల్ల నాళు," అని దాని చుట్టూ సున్నా చుట్టాడు. వజ్రమ్మ ఆలోచించింది మగ్గాల సంగతే. ఇంకేదీ ఆమెకు తోచలేదు.

అన్నట్టుగానే ఈ వేళ వీధిలో మగ్గం చప్పుడు లేదు. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని లేపి, ముఖాలు కడిగించి తెచ్చింది. పదకొండింటికి కేశవన్ వచ్చేసరికి గోనెపట్టలమీద నలభైమంది కూర్చుని ఉన్నారు. అతను తలలు లెక్కపెట్టి, బాగుందని తలాడించి, కొత్త పేర్లకోసం కాగితాలు తీశాడు. సుదర్శనం సిరామెత్త తెరిచి పెట్టాడు. ఒక్కో బిడ్డకు పెద్దవాళ్ళ సంతకమో వేలిముద్రో కావాలి.

గోడవారగా నిలబడ్డ కొత్త పిల్లల పెద్దవాళ్ళు ఆరుగురూ కదల్లేదు.

వాళ్ళలో వరదయ్య గొంతు సవరించుకున్నాడు. చుట్టరికం లేకపోయినా వజ్రమ్మను అక్కా అనే పిలుస్తాడు. "బిడ్డల్ని పంపమంటివి, పంపినాం. అమావాస్య పూట కొత్త కాగితంలో వేలెట్ల పెట్టేది అక్కా? కొత్త పడుగన్నా మగ్గానికి ఎక్కిస్తామా ఈ పొద్దు? ఎల్లుండి విదియ. నీళ్ళు పోసుకోని వచ్చి పెడతాం."

"ఎల్లుండికి సారు యాడుంటాడురా?"

"ఈ పొద్దే రమ్మని ఎవురు చెప్పినారు సారుకు?"

అమావాస్యకు గోరు కూడా తీయని మనిషి వజ్రమ్మ. తనకు తెలియనిదా ఇది?

సుదర్శనం రెండు రోజులు గడువు అడిగాడు. గడువు శుక్రవారంతోనే అయిపోయిందనీ, ఆ అమ్మ మాటమీద పట్టీని వారం ఆపాననీ, సాయంత్రానికి పంపక తప్పదనీ కేశవన్ చెప్పాడు. కోపంగా చెప్పలేదు. తిరువళ్ళూరు బస్సుకోసం గడియారం చూసుకున్నాడు.

వజ్రమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. బల్లముందు చతికిలబడి రాజామణి కాగితం దగ్గరకు లాక్కుంది. సంతకంగా తన మూడక్షరాల పేరు. నడిమి అక్షరం దగ్గర కలం చాలాసేపు ఆగింది. రాసి, తల ఎత్తి గోడవైపు చూసింది. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతకు మించి ఎవరూ కదల్లేదు.

ముప్పైనాలుగు అని రాసుకుని కేశవన్ వెళ్ళిపోయాడు. రాయని ఆరు కాగితాలూ బల్లమీదే ఉన్నాయి.

మధ్యాహ్నం బడి వదిలాక ఆమె మళ్ళీ బిందె ఎత్తుకుంది. ముఖం పాలిపోయి ఉంది. రేపు తేవచ్చు కదమ్మా అన్నాడు సుదర్శనం.

"తొట్టి అడుగంటిందయ్యా. నలభైమంది తాగినారు కదా," అంది. ఆ అంకె చెప్పేటప్పుడు ఆమె గొంతు కాస్త తేరుకుంది.

స్టేషను వీధి కుళాయి దగ్గర ఆమె నిలబడలేక గట్టుమీద కూర్చుంది. కృష్ణమ్మ ఆమెను ఒకసారి చూసి, తన బిందె తీసి, వజ్రమ్మ బిందెను ధార కింద పెట్టింది. పందొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. నిండాక పిలిచింది. బిందె పొర్లుతూ ఉన్నా వజ్రమ్మ లేవలేదు.

అమావాస్యనాడు సంతకం పెట్టింది, చూడండి అని వీధిలో ఎవరో అన్నారు. వరదయ్య మాత్రం అనలేదు. పాడ్యమినాడు ఆమె పాడె మోసినవాళ్ళలో అతనూ ఒకడు.

విదియనాడు పొద్దున్నే, ఇచ్చిన మాట ప్రకారం, ఆరుగురూ తడితలలతో వచ్చారు. పట్టీ వెళ్ళిపోయిందని సుదర్శనం గుర్తుచేయలేకపోయాడు. సిరామెత్త తెరిచాడు. ముందు వరదయ్య బొటనవేలు అద్దాడు. వేలు కడుక్కోవడానికి వరండాలోకి వచ్చి, తొట్టి దగ్గర ఆగిపోయాడు.

తొట్టి ఎండి ఉంది. పక్కన కృష్ణమ్మ అమావాస్య సాయంత్రమే నెత్తిన మోసుకొచ్చి దించిన బిందె, నిండుగా అలాగే ఉంది. దాని మూతిమీద చుట్టకుదురు, నడిమిన తల ఆనినంత గుంటతో, అంచు నీళ్ళలో నానుతూ, ఇంకా ఆరలేదు.